చూడని రోజు ఖాళీగానే ఉండాలి

సైన్స్ సార్ పోయారన్న మెసేజ్ వచ్చినప్పుడు నేను టిఫిన్ డబ్బా మూత కోసం వెతుకుతున్నాను. స్టాఫ్ గ్రూపులో హెడ్మాస్టర్ గారు నాలుగు లైన్లు పెట్టారు. పొద్దుటి నమాజుకు లేచారట, ఛాతీలో మంటగా ఉందన్నారట, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఖననం. చదివాను. ఫోను పక్కన పెట్టి మళ్ళీ మూత వెతికాను. అది సింకులోనే ఉంది. కడిగి, తుడిచి, డబ్బాకు బిగించి, సంచీలో వేసుకుని, గుడిమల్కాపూర్‌లో రోజూ ఎక్కే బస్సే ఎక్కి, మొఘల్‌పురా వెళ్ళాను. స్కూలు గేటుకు తాళం వేసి ఉంది. ఆ రోజు సెలవు అన్న చివరి లైను నేను చదవనే లేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ రాలేదు. సంతాప సభలో మాట్లాడమంటే లేచి, తడబడకుండా మాట్లాడి, కూర్చున్నాను. "మేడం బాగ మాట్లాడింది" అన్నారు. అంత బాగా మాట్లాడగలగడం నాకే నచ్చలేదు. అందుకే ఆ సభలో చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మీలో ఎక్కువమందికి ఆయన తెలియదు. పేరు రాసినా తెలియదు. మా స్కూల్లోనూ ఆయన పేరు ఎవరూ పలికేవారు కాదు, సైన్స్ సార్ అంటే సరిపోయేది. బహదూర్‌పురా నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది. నేను అదే సర్కారు బాలికల హైస్కూల్లో తెలుగు టీచర్ని. సంధులు, సమాసాలు చెప్పుకునే మనిషిని. నన్ను ఆఫ్రికాతో ముడిపెట్టింది ఆయనే.

ఎలా అంటే, వేరే వేరే దేశాల టీచర్లు తమ క్లాసులను కలిపి పాఠాలు చేసుకునే ఒక ఆన్‌లైన్ వేదిక ఉందని ఆయనకు ఏదో ట్రైనింగులో తెలిసింది. అందరూ అక్కడ పేజీల కొద్దీ రాస్తారట, మా లక్ష్యాలివీ, మా పరికరాలివీ అని. సార్ మూడు ముక్కలు రాశారు. "మా దగ్గర ఒక సీసా ఉంది. దాంతో వాన కొలుస్తాం. మీ దగ్గర సీసా ఉందా?" ఇంగ్లీషు సరిచేయమని స్టాఫ్ రూములో నా ముందు పెడితే నేను నవ్వాను. తెలుగు టీచరు చేత ఇంగ్లీషు దిద్దించుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వారానికి జవాబు వచ్చింది. కెన్యాలో, విక్టోరియా సరస్సు పక్కన ఒక చిన్న ఊరి బడి నుంచి ఒక టీచరు రాసింది. "మా దగ్గర కూడా ఒక సీసా ఉంది."

బుధవారం మూడో పీరియడ్ నాది. రెండు దేశాలకూ కుదిరే టైము అదొక్కటే అని తేలింది. ఇవ్వనన్నాను. సిలబస్ మిగిలిపోతుందన్నాను, మా పిల్లలకు ఒత్తులే సరిగ్గా రావడం లేదన్నాను. సార్ టీ సాసర్లో పోసి, సగం నా వైపు జరిపారు. అది ఆయన అలవాటు, పక్కన ఎవరుంటే వాళ్ళ ముందుకు సాసరు జరపడం.

"మీ పీరియడ్ ఎవరు తీస్కుంటున్నరు మేడం. మిమ్మల్ని గుడ కలిపి తీస్కపోతున్న" అన్నారు.

"నాకేం వస్తది సార్ అక్కడ?"

"ఏం రాకున్నా పర్వాలే. పిల్లలు లొల్లి చేస్తే ఊకోబెడ్తరు గద."

అలా వెళ్ళాను. మా ల్యాబులో పదకొండు కంప్యూటర్లు, నాలుగు పనిచేస్తాయి. ఒకదానికి ప్రొజెక్టర్ తగిలించి గోడ మీద వేశాం. ఇక్కడ పదకొండున్నర, అక్కడ తొమ్మిది. తెర మీద అవతలి టీచరు కనిపించగానే మా ముప్పై ఎనిమిది మందీ ఒక్క ఊపున లేచి "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. ఆవిడ ఆడమనిషి అన్నది వాళ్ళకు పట్టలేదు. లేవడమూ సార్ అనడమూ మా పిల్లలకు ఒకేసారి వచ్చేస్తాయి. మా వాళ్ళు లేచారని అవతలి పిల్లలూ లేచారు. అక్కడే చిక్కొచ్చింది. మా దగ్గర టీచరు కూర్చోమనేదాకా పిల్లలు కూర్చోరు. వాళ్ళ బళ్ళోనూ అదే పద్ధతి. మర్యాదకు మా పిల్లలను ఆవిడే కూర్చోమంటుందేమోనని మేం ఆవిడ కోసం చూస్తున్నాం, ఆవిడ మా కోసం చూస్తోంది. రెండు దేశాల పిల్లలు ఎదురెదురుగా నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. ఎవరూ కదలకపోయేసరికి నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను నేను. చివరికి సార్ రెండు అరచేతులూ కిందికి ఊపుతూ "బైఠో, బైఠో, అందరు బైఠో" అన్నారు. మా వాళ్ళు కూర్చున్నారు. అది చూసి వాళ్ళూ కూర్చున్నారు.

ఆ తర్వాత ప్రతి బుధవారం అంతే. రెండు పక్కలా లేవడం, సార్ బైఠో అనడం, రెండు పక్కలా కూర్చోవడం. రెండో నెలలో అవతలి టీచరు నవ్వుతూ చెప్పింది, తన మిగతా క్లాసుల్లో కూడా అదే మాట నోటికొస్తోందని. సార్ మురిసిపోయారు. వారం రోజులు స్టాఫ్ రూములో ఆ ముచ్చటే.

ఇంతకీ పని ఏమిటంటే ఒక పట్టిక. ఇంటర్నెట్లో ఉంటుంది, ఇక్కడ రాస్తే అక్కడ కనిపిస్తుంది, అక్కడ రాస్తే ఇక్కడ. రోజుకో వరస. హైదరాబాద్ వాన ఎన్ని మిల్లీమీటర్లు, వాళ్ళ ఊళ్ళో ఎన్ని, పక్కన ఒక వాక్యం రాసే గడి. ఇక్కడి పిల్ల ఒకతె, అక్కడి పిల్ల ఒకతె జోడీ. ఆ ఇద్దరూ నెల అంకెలు చూసి కలిసి ఒక రిపోర్టు రాయాలి. మా సమీనాకు అచియెంగ్ అనే పిల్ల జోడీ. మొదట్లో ఇద్దరూ ఏం తిన్నావంటే ఏం తిన్నావని రాసుకునేవారు. తర్వాత్తర్వాత తగువులు కూడా పెట్టుకున్నారు, గ్రాఫుకు ఏ రంగు వేయాలి, ముందు ఎవరి ఊరి పేరు రాయాలి అని. తగువులొచ్చాక పని బాగా సాగింది.

కొలిచే సీసా మా స్కూలు మేడ మీద ఉంటుంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను పైన కోసి, ఆ ముక్కనే గరాటులా తలకిందులుగా బిగించి, పక్కన స్కేలు అంటించారు. మేడ తలుపు తాళంచెవి సార్ చొక్కా జేబులో, చాక్‌పీసు ముక్కతో పాటు ఉండేది. రోజూ ఎనిమిదిన్నరకు మేడెక్కేవారు. కుడి మోకాలు సరిగ్గా వంగేది కాదు. అయినా గోడ పట్టుకుని, గొంతుక్కూర్చుని, నీటిమట్టానికి సరిగ్గా కన్ను పెట్టి చూసేవారు. పైనుంచి చూస్తే అంకె తప్పుతుందట. చూశాక నీళ్ళు పారబోసి, సీసా మళ్ళీ పెట్టి, పిట్టగోడ దగ్గరికొచ్చి కింద ఆవరణలో ఉన్న పిల్లలకు చెప్పేవారు. ఏమీ లేని రోజు "సిఫర్" అనేవారు. సున్నాకు ఆయన మాట అది. కింద నుంచి పిల్లలు "సిఫర్" అని పలికేవారు. వేసవి ముందు నెలలన్నీ సిఫరే. లేదని తెలిసీ రోజూ ఎక్కడం ఎందుకు సార్ అని నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను.

ఆయన జవాబు నాకు చెప్పలేదు, సమీనాకు చెప్పారు. ఒక సోమవారం ఆ పిల్ల అడిగింది. "సార్, నిన్న మీరు గుడ రాలే, ఎవరం చూడలే. కానీ దినమంత ఎండనే ఉండె. సున్న పెట్టాల్నా?"

"నువ్వు చూసినవా?"

"లేదు సార్."

"మల్ల సున్న ఎట్లొస్తది బేటా? సున్న అంటే చూసిన, వాన లేదు అని. చూడకపోతే ఖాళీ. రెండు ఒకటి కాదు."

"ఖాళీ ఉంటే మంచిగుండదు సార్."

"ఉండకపోనీ. ఖాళీ పెడితే సిగ్గు, షరం ఏం లేదు. చూడంది చూసిన అని రాస్తివనుకో, అవతల ఆ పిల్ల నీ కండ్లను నమ్ముకొని లెక్క కడ్తది. ఆమె ఈడికొచ్చి చూడలేదు గద."

నేను వెనక బెంచీ మీద కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకుంటూ విన్నాను. బాగానే చెప్పారు అనుకున్నాను. అంతే అనుకున్నాను.

మా పక్క వానలు ఆగిపోయి, అవతల జోరుగా పడుతున్న ఒక నెలలో అచియెంగ్ అడిగింది, మీ దగ్గర పడనప్పుడు మీ వాన ఎక్కడికి వెళ్తుందని. దానికి సమీనా ఒక పేజీ జవాబు రాసింది, పటం వేసి, గాలుల బాణాలు గీసి. సార్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పదిమందికీ చూపించారు. పక్క గల్లీలో ఏం జరుగుతుందో పట్టించుకోని మా స్టాఫ్ రూములో ఆయన ఉండుండి గడియారం చూసి "ఇప్పుడు వాళ్ళకు ఇంటర్వెల్" అనేవారు. లెక్కల మేడం విసుక్కునేది. నేనూ విసుక్కునేదాన్ని. ఈ వారం మాత్రం నేనే రెండుసార్లు గడియారం చూసి రెండున్నర గంటలు తీసేసుకున్నాను. పైకి అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన దసరా సెలవుల్లో సార్‌కు గుండె పరీక్షలని ఎనిమిది రోజులు ఇంట్లో ఉండమన్నారు. సెలవుల్లో కూడా బహదూర్‌పురా నుంచి వచ్చి చూసే మనిషి, ఆ తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"జర మీరు చూడుండ్రి మేడం. ఎనిమిదిన్నరకు. కుదరని రోజు వదిలేయుండ్రి, ఫికర్ లేదు" అన్నారు.

నేను ఒక్క రోజూ వెళ్ళలేదు. మొదటి రోజు వెళ్దామనే అనుకున్నాను. బతుకమ్మ రోజులు, మా ఆడపడుచు వాళ్ళు వచ్చారు, పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతిపూలు, గునుగు తెచ్చి వాకిట్లో పోసుకుంటే ఇక కదలడం ఎక్కడ? ఆకాశం చూస్తే నీలంగా ఉంది. ఏడో రోజుకు గుర్తొచ్చింది, పట్టికలో వరసలన్నీ బోసిగా ఉన్నాయని. మా ఉద్యోగంలో మాకు అబ్బిన మొదటి విద్య, ఏ గడీ ఖాళీగా ఉంచకూడదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన వాళ్ళు రాసింది చదవరు, రాయనిది పట్టుకుంటారు. ఇరవై ఏళ్ళుగా నా చెయ్యి ఆ పనికి అలవాటు పడిపోయింది. బంతిపూల తొడిమలు తుంచుతూనే, పసుపంటిన వేళ్ళతో ఫోను తీసి ఎనిమిది సున్నాలు కొట్టాను. ఇంకా రాని మర్నాటి రోజుకు కూడా.

మా ఇంటి దగ్గర చినుకు లేదు నిజమే. మూసీకి ఇవతలా అవతలా ఒకేలా వాన పడాలని ఎక్కడా లేదు కదా. స్కూలు తెరిచిన రోజు సార్ మేడెక్కి, సీసాతోనే కిందికొచ్చారు. స్టాఫ్ రూము టేబుల్ మీద నా ముందు పెట్టారు. పద్నాలుగు మిల్లీమీటర్ల నీళ్ళు. అందులో ఒక వేపాకు, మునిగిన చీమలు.

"ఇదేంది మేడం?"

"నిన్న రాత్రి పడ్డదేమో సార్" అన్నాను. మొహం మీదే, తడుముకోకుండా.

ఆయన సీసా వంక చూశారు, నా వంక చూశారు. "పడ్డదేమో" అని తీసుకుని వెళ్ళిపోయారు. రాత్రి పడ్డ నీళ్ళలో చీమలు అలా ఉబ్బవని సైన్స్ చెప్పే మనిషికి తెలియదా? తెలుసని నాకూ తెలుసు.

ఆ బుధవారం అచియెంగ్ రిపోర్టు చదవాలి. తను అప్పటికే ఒకసారి వాళ్ళ బళ్ళో తల్లిదండ్రుల ముందు చదివిందట. హైదరాబాద్‌లో వాన దసరాకు ముందే ఆగిపోయింది, వరసగా ఎనిమిది రోజులు సున్నా అని. గ్రాఫులో ఆ ఎనిమిది రోజులకూ ఎర్ర గీత గీసింది. ఆ పిల్ల కాగితం పట్టుకుని లేవగానే సార్ చెయ్యెత్తి ఆపారు. తన ఇంగ్లీషులో, నన్ను దిద్దమని అడగకుండా చెప్పారు. "ఎనిమిది రోజులు హైదరాబాద్ చూడలేదు. చూడకుండా సున్నా రాశాం. మా తప్పు. దయచేసి తీసేయండి."

మా తప్పు అన్నారు. నా వైపు చూడలేదు. నేను వెనక బెంచీలో ఉన్నాను. లేచి నాది అని ఒక్క మాట అంటే అయిపోయేది. ముప్పై ఎనిమిది మంది పిల్లల ముందు, గోడ మీద ఇంకో దేశం ముందు, ఆ మాట రాలేదు. అచియెంగ్ కాసేపు కాగితం చూసుకుంది. కూర్చుని కీబోర్డు దగ్గరికి జరిగింది. గోడ మీద మా అందరికీ కనిపిస్తూ ఎనిమిది సున్నాలూ ఒక్కటొక్కటిగా పోయాయి. తను గీసిన ఎర్ర గీతను ఏం చేసిందో నాకు తెలియదు.

ఆ తర్వాత సార్ ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆయన మీదే కోపం తెచ్చుకున్నాను కొన్నాళ్ళు. క్రిస్మస్ సెలవొచ్చింది. ఆయన మళ్ళీ అదే తాళంచెవి నా చేతిలో పెట్టారు, అదే మాట అన్నారు. "కుదరని రోజు వదిలేయుండ్రి." ఆ సెలవుల్లో రోజూ వెళ్ళాను. అన్నీ సున్నాలే. కానీ చూసి రాశాను. చూశానని ఆయనకు చెప్పాలనిపించింది, దేనికో చెప్పలేదు. తీరిగ్గా చెప్పొచ్చు, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళకు పైనే ఉందిగా అనుకున్నాను.

పోయిన రోజు సాయంత్రం మేము ఆడవాళ్ళం వాళ్ళింటికి వెళ్ళాం. మగవాళ్ళు ఖబ్రస్తాన్‌కు వెళ్ళి వచ్చారు, చేతులకు మట్టి ఉంది. లోపల గదిలో ఆడవాళ్ళ మధ్య సార్ భార్య, మా అందరికీ భాభీ, కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఎవరో మంచినీళ్ళిస్తే తాగాను. మూడో రోజు ఫాతిహా ప్రార్థనకు మళ్ళీ వెళ్తే భాభీ నన్ను పిలిచి గుప్పెట్లోది తీసి ఇచ్చింది.

"ఇది మీ స్కూల్‌దేనా మేడం? ఇంట్ల ఏ తాళానికి పడ్తలేదు. చొక్క మార్చినా ఇది మాత్రం మర్వకుంట జేబుల పెట్టుకుంటుండె."

"మాదే భాభీ" అన్నాను.

"అచ్చా" అంది. "దేనిది?" అని అడిగింది.

"మేడది. వాన చూస్తుండె సార్."

భాభీ తల ఊపింది. "వాన" అని తనలో తాను అనుకుంది.

ఆ రోజు ఇంటికొచ్చి పట్టిక తెరిచాను. మంగళ, బుధ, గురు, మా వైపు మూడు గడులు ఖాళీ. స్కూలు సెలవులు, సంతాపాల్లో ఆ బుధవారం కాల్ లేదు, వాళ్ళకు ఎవరూ కబురు చెప్పలేదు. వాళ్ళ వైపు అంకెలున్నాయి. పక్క గడిలో అచియెంగ్ రాసింది. మంగళవారం, "హైదరాబాద్, ఇవాళ చూడలేదా?" బుధవారం, "ఇవాళ కూడా?" గురువారం, "సార్ ఊరెళ్ళారా?" మూడూ చదివి ఫోను మూసేశాను. అప్పుడైనా లోపల ఏదో కదులుతుందని చూశాను. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం సార్ చెప్పిన సున్నానో, ఖాళీనో తేల్చుకోలేకపోయాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదింబావుకే స్కూలుకు వెళ్ళాను. హెడ్మాస్టర్ గారు వరండాలో ఎదురయ్యారు. మంచి మనిషే, పాపం పని ఒత్తిడి.

"మేడం, ఆ వాన పట్టిక మీరే చూడాలె ఇగ. మూడు దినాలు ఖాళీ కనవడ్తున్నయ్. సోమవారం జిల్లా నుంచి చూసెతందుకు వస్తున్నరు. సున్నలన్న పెట్టేయండ్రి, సార్ పేరు ఖరాబు గావొద్దు."

సరే సార్ అన్నాను. అలవాటుగా వచ్చేసింది ఆ మాట. మెట్ల దగ్గర సమీనా నిలబడి ఉంది. ఇప్పుడు టెన్త్. మొత్తం వింది. నా వెనకే మేడెక్కింది.

తాళం తీశాను. సీసాలో నీళ్ళున్నాయి. గోడ పట్టుకుని గొంతుక్కూర్చుని, కన్ను మట్టానికి పెట్టి చూశాను. ముప్పై ఒకటి. సోమవారం పొద్దున సార్ చూసి పారబోశారు, ఆ తర్వాత పడ్డదంతా ఇదే. ఇందులో ఏ రోజుది ఎంతో ఎవరూ చెప్పలేరు.

"సున్నలు పెడ్తరా మేడం?" అంది సమీనా. గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. ఊరికే అడిగింది.

నేను లేవలేదు. అలాగే కూర్చుని చెప్పాను. "పోయిన దసరాకు ఆ ఎనిమిది సున్నలు సార్ రాయలేదమ్మా. నేను రాసిన. చూడకుండ రాసిన."

"మాకు తెల్సు మేడం."

తలెత్తి చూశాను.

"షీట్‌ల ఎవరు రాస్తే వాళ్ళ పేరు పడ్తది గద మేడం. అచియెంగ్ గుడ అప్పుడే చూసింది. మేం అందరం చూసినం."

పది నెలలుగా ఒక క్లాసంతా, ఇంకో దేశంలో ఇంకో క్లాసంతా, నన్ను చూస్తూ ఊరుకున్నారన్న మాట. నాకు సిగ్గేసింది. ఇన్ని రోజుల్లో నాకు ఏదైనా అనిపించిందంటే అదే.

"మల్ల నన్ను ఎవరు అడగలేదేంది?"

"సార్ వద్దన్నడు. మేడమే చెప్తది, చెప్పేదాక ఎవరు అడగొద్దు అన్నడు."

ఆ పిల్లకు ఆ మాట పెద్ద సంగతిగా తోచలేదు. వాచీ చూసుకుని "ఎనిమిదిన్నర అయింది మేడం" అంది.

నేను లేచి సీసా వంచాను. సార్ పోయాక మా స్కూలు మీద కురిసిన వానంతా మేడ గచ్చు మీద పారి, తూము దాకా వెళ్ళి, కిందికి దిగింది. ఏ రోజుకూ రాయలేదు. కడిగి, తుడిచి, సీసా మళ్ళీ దాని చోట పెట్టాను. కిందికొచ్చి హెడ్మాస్టర్ గారితో ఖాళీలు ఖాళీలుగానే ఉంటాయని, సోమవారం వాళ్ళు అడిగితే నేనే చెప్తానని అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. అప్పుడు ల్యాబుకు వెళ్ళి, సమీనాను పక్కన పెట్టుకుని, నా పేరుతో, నా ఇంగ్లీషులో ఆ రోజు గడిలో రాశాను. "మా సార్ మంగళవారం చనిపోయారు. మూడు రోజులు మేము చూడలేదు, ఇవాళ సీసాలో ఉన్నది ఏ రోజు వానో చెప్పలేం. రేపటి నుంచి చూస్తాం. పోయిన దసరా ఎనిమిది సున్నాలు నావి. తెలుగు టీచర్."

జవాబు రాలేదు. ఆ రోజు, మర్నాడు, వాళ్ళ వైపు అంకెలు మాత్రం వచ్చాయి. పక్క గడి ఖాళీ.

శనివారం నేను మేడెక్కి చూశాను. ఏమీ లేదు. సున్నా రాశాను. పిట్టగోడ దగ్గరికొచ్చి పిల్లలకు చెప్పాలి, నేను సమీనా వైపు చూశాను. సమీనా చెప్పింది. కింద నుంచి "సిఫర్" అని పలికారు, రోజూ పలికినట్టే.

బుధవారం మూడో పీరియడ్‌కు ల్యాబుకు వెళ్ళాం. వెనక బెంచీలో కూర్చోబోయి, గుర్తొచ్చి, ముందుకు వచ్చాను. సార్ నిలబడే చోట నిలబడ్డాను. పదకొండున్నరకు గోడ మీద బొమ్మ వచ్చింది. మా పిల్లలు లేచారు. గుడ్ మార్నింగ్ అన్నారు. అవతలి పిల్లలు లేచారు. అవతలి టీచరు చేతులు కట్టుకుని నిలబడింది. ముందు వరసలో అచియెంగ్ ఉంది, కాగితం ఏదో పట్టుకుని.

ఎవరూ కూర్చోలేదు. ఫ్యాన్ తిరుగుతోంది. అవతల ఎక్కడో కోడి కూసింది. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను, మొదటి రోజులాగే. ఆగలేదు, ఒక పిల్ల రెప్పలు ఆర్పుతోంది. ఇటు ముప్పై ఎనిమిది మంది, అటు అంతమంది, అందరూ నిలబడి నా వైపే చూస్తున్నారు. అచియెంగ్ కాగితం పక్కన పెట్టి, సార్ చేసినట్టే రెండు అరచేతులూ కొంచెం ముందుకు చాపి, నా వైపు చూస్తూ కిందికి ఆడించింది. వాళ్ళను కూర్చోమని చెప్పాల్సింది ఇక నేనే అని నాకు అప్పుడు తెలిసింది.